ఊదారంగు చివర రెండు గీతలు

యాదగిరి మా ఇంటికి వచ్చేనాటికి అమ్మ పోయి నెల దాటింది. కబురు ఆయనకు ఆలస్యంగా తెలిసిందట. అమ్మ డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేసిన కాలేజీలో ఆయన ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు. రిటైరై చాలా ఏళ్లయింది, రాంగోపాల్‌పేట్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. అక్కడి నుంచి పద్మారావు నగర్‌కి బస్సులో వచ్చి, లిఫ్టు ఉన్నా మూడంతస్తులూ మెట్లెక్కి, హాల్లో అమ్మ ఫోటో ముందు కాసేపు నిలబడ్డాడు. ఏడవలేదు. "మేడం ఫోటోల కండ్లద్దాలు లెవ్వేంది?" అని మాత్రం అడిగాడు. చివరి ఏళ్లలో అమ్మకు అద్దాలతో పనిలేకపోయిందని చెప్పాను. ఆయన తల ఊపి, కుర్చీ అంచున కూర్చుని, బట్టల షాపు సంచిలోంచి పేపరు చుట్టిన పొడుగాటి పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. పేపరు చిరిగిన చోట నల్ల అట్ట, ఎర్ర గుడ్డ అంచు. పేపరు విప్పకముందే అదేమిటో నాకు తెలిసింది.

"ల్యాబు ఖాళీ చేసిన్నాడు పాత రికార్డులన్ని తుక్కుల ఏసిన్రు. గిది మేడం చేతిరాత అని పక్కకు పెట్టుకున్న. ఇస్త ఇస్త అనుకుంటనే ఇన్నేండ్లాయె," అన్నాడు. టీ సగం తాగి, కప్పు కింద పెట్టి, ఇంకో మాట అన్నాడు. "ఆఖరి పేజీల నా పేరు పక్కపొంటి మేడం 'సందేహం' అని రాసింది. నేను సూసిందే చెప్పిన బిడ్డా. గది ఒక్కటి మనసుల ఉండిపాయె."

ఆ మాట అక్కడ ఎందుకు ఉందో నాకు తెలుసు. ఆయనకు ఆ పూట చెప్పలేకపోయాను. నేనే ఒకరోజు మీ ఇంటికి వస్తానని చెప్పి పంపించాను. పుస్తకం వారం రోజులు బల్ల మీదే ఉంది. దాని పక్కనే భోంచేశాను, దాని పక్కనే ఆఫీసు పని చేసుకున్నాను. 'సందేహం' అనే ఆ మాటకు కారణం నేను. అమ్మ చూపు పోవడంలోనూ నా పాలు కొంత ఉంది. అందుకని అమ్మ గురించి రాస్తున్న ఈ అధ్యాయంలో మిగతావి పక్కన పెట్టి, ఆ ఒక్క సంగతీ రాస్తాను.

అప్పట్లో మేం మెట్టుగూడలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న రైల్వేలో సిగ్నల్ విభాగం. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు, మేడ మీదికి ఇనుప మెట్లు. ఇంట్లో పొద్దున్నే మొదట వచ్చే వాసన నాన్న షేవింగ్ సబ్బుది, తరువాత నాయనమ్మ వేయించే మెంతులది, ఆ తరువాత అమ్మ చీర కొంగుకు పట్టేసిన స్పిరిట్ వాసన. ల్యాబులో కటకాలు తుడిచే స్పిరిట్. ఎన్ని ఉతుకులు పడ్డా అది పోయేది కాదు. నాయనమ్మ బొబ్బిలి దగ్గర పల్లె నుంచి కొడుకు ఉద్యోగంతో పాటు వచ్చేసి, ముప్పై ఏళ్లు సికింద్రాబాదులో ఉండి కూడా తన మాట ఒక్కటీ మార్చుకోలేదు. కోడలు ఉద్యోగానికి వెళ్లడం ఆవిడకు అభ్యంతరం కాదు. ఆ ఉద్యోగం ఏమిటో అర్థంకాకపోవడమే అభ్యంతరం. "పాఠం సెప్పదట, పరీచ్చలు దిద్దదట, మరేటి సేస్తాదో," అని పక్క క్వార్టర్ వాళ్లతో అనేది.

అమ్మ చేసేది ప్రాక్టికల్స్ చేయించడం. బియస్సీతో ఆగిపోయింది కాబట్టి పాఠం చెప్పే అర్హత లేదు. ఆ చిన్నతనం ఆమెకు లోపల ఉండేదేమో, బయటికి మాత్రం చూపేది కాదు. ఆమె గట్టిదనమంతా రికార్డు పుస్తకాల దగ్గర కనిపించేది. ప్రాక్టికల్స్ చేసిన వాళ్లందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది. పుస్తకంలో రావలసిన జవాబు ముందే ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టి, అసలు పరికరంలో చూడకుండానే, రీడింగులు రాసేయొచ్చు. దానికి మా కాలేజీల్లో 'వండటం' అని పేరు. అమ్మ ఒక చూపులో పట్టేసేది. మరీ సరిగ్గా ఉన్న రీడింగులు చూస్తే ఆమెకు అనుమానం. "వంట ఇంట్లో చేసుకో తల్లీ, ఇక్కడ చూసింది రాయి," అని పుస్తకం వెనక్కి ఇచ్చేసేది. కోప్పడేది కాదు. మళ్లీ చేయించేది.

ఆమెకు ఇంకో రెండు పద్ధతులుండేవి. ఒకటి, ఏ రీడింగైనా రెండో మనిషి కూడా చూడాలి, మొదటి మనిషికి ఏం కనబడిందో అతనికి చెప్పకూడదు. రెండోది, తప్పు రాస్తే చెరపకూడదు. కింద ఏం రాశారో చదవడానికి వీలుగా దాని మీద ఒకే ఒక్క గీత కొట్టాలి, పక్కన సరైనది రాయాలి, రాసిన వాళ్లు పొడి అక్షరాలు పెట్టాలి, దాని పక్కన అమ్మ ఎర్ర సిరాతో తన సంతకం పెట్టేది. ఆ సంతకం పడితేనే దిద్దుబాటు చెల్లుతుంది. ఇంట్లో నాకు జ్వరం వచ్చినా ఇదే పద్ధతి. థర్మామీటర్ అమ్మ చూసి మాట్లాడకుండా నాన్న చేతికి ఇచ్చేది. ఇద్దరూ కాగితం మీద విడివిడిగా రాసేవాళ్లు. మూడో రీడింగు నాయనమ్మది, నుదుటి మీద చెయ్యి. "ఏటీ నేదు, బడికెల్లకుండా గుంట ఏసాలేస్తంది," అని తేల్చేసేది. ఎక్కువసార్లు ఆవిడే సరి.

వెలుగులో నల్ల గీతల సంగతి నాకు మొదట తెలిసింది వంటింట్లో. అమ్మ స్టవ్ మంట మీద చిటికెడు ఉప్పు చల్లింది. నీలం మంట ఒక్క క్షణం పసుపుగా లేచింది. ఉప్పులో ఉన్న సోడియం అలా మండుతుందనీ, ఆ వెలుగును విడదీసి చూస్తే పసుపు చోట మెరిసే గీత ఒకటి కనిపిస్తుందనీ చెప్పింది. తరువాత నన్ను కాలేజీకి తీసుకెళ్లి, వెలుగును అలా విడదీసే స్పెక్ట్రోమీటర్‌లో పగటి వెలుగు చూపించింది. ఎరుపు నుంచి ఊదా దాకా రంగుల పట్టీ. దాని మీద అక్కడక్కడా, పలకమీద సన్న పుల్లతో గీసినట్టు, నిలువుగా నల్ల గీతలు. పసుపులో సరిగ్గా ఉప్పు గీత ఉండవలసిన చోటే ఒకటి. మంటలో మెరిసింది, సూర్యుడి వెలుగులో నల్లగా ఉంది. సూర్యుడి లోపలి నుంచి వచ్చే వెలుగులో అన్ని రంగులూ ఉంటాయట. పైన కొంచెం చల్లగా ఉన్న ఆవిరిలో సోడియం ఉంటే, అది తనకు సరిపడే రంగును మాత్రం ఆపేసుకుంటుంది. మనదాకా చేరని ఆ రంగు చోటు నల్లగా మిగులుతుంది. అలా ఏ గీత ఎక్కడుందో చూసి సూర్యుడిలో ఏముందో, నక్షత్రాల్లో ఏముందో చెబుతారు. ఎవరూ అక్కడికి వెళ్లనక్కర్లేదు. ఇంటికొచ్చి నాయనమ్మకు చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టి, "సూరీడికి కూడా ఉప్పేసినారేటి," అంది. అమ్మ నవ్వింది కానీ, ఉప్పు కాదు అత్తయ్యా, ఉప్పులో సగం అని వివరించబోయింది. నాయనమ్మ సగం ఉప్పు ఎలా ఉంటుందో చెప్పమంది. ఆ సంభాషణ అన్నం వేళ దాకా సాగింది.

ఈ గీతల గురించి మాట్లాడేవాళ్లు దాన్నుంచి బతుకు పాఠం ఏదో ఒకటి తీస్తుంటారు. కాలేజీ వార్షికోత్సవంలో ఒక లెక్చరర్ అలాగే, లేనిదే ఉన్నదాన్ని చెబుతుందని ఉపన్యాసం ఇస్తే, ఇంటికొచ్చాక అమ్మ విసుక్కుంది. గీత అంటే గీతే, దాన్ని ఏడిపించకూడదు అంది. నేను కూడా అలాంటిదేమీ రాయను.

గీతలకు ఇంగ్లీషు అక్షరాల పేర్లున్నాయి. ఎరుపులో సి, పసుపులో డి, నీలం మొదట్లో ఎఫ్, ఆ తరువాత జి. ఊదారంగు పూర్తిగా చీకట్లో కలిసిపోయే ముందు, చివరంటా, పక్కపక్కనే రెండు లావుపాటి గీతలుంటాయి. హెచ్, కె. అవి కాల్షియంవి, అంటే సున్నంలో ఉండేది. అమ్మకు వాటి మీద ప్రత్యేకమైన ఇష్టం. అవి అందరికీ ఒకేలా కనిపించవనీ, చూపు మంచిదై ఉండాలనీ, బియస్సీ చదివేటప్పుడు తన క్లాసులో మొదట పట్టుకున్నది తనేననీ చాలాసార్లు చెప్పింది. ఆమె గొప్పగా చెప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్క విషయంలోనే.

నేను డిగ్రీ పూర్తి చేసేనాటికి ఊరంతా కంప్యూటర్లే. మెట్టుగూడ బస్టాపులో కరెంటు స్తంభాలకు జావా, ఒరాకిల్ పేర్లతో కాగితాలు అంటించి ఉండేవి. పక్క క్వార్టర్ గూడ్సు గార్డుగారి అబ్బాయి మూడు నెలల కోర్సు చేసి, వాళ్ల నాన్నకు రిటైరయ్యేటప్పుడు వచ్చే జీతం మొదటి నెలలోనే తెచ్చాడు. ఆ తరువాత కాలనీలో పిల్లలెవరూ ఇంకో చదువు గురించి మాట్లాడలేదు. నేనూ అమీర్‌పేటలో చేరాను. పొద్దున తొమ్మిదింటి బ్యాచ్. బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో జిరాక్సు నోట్సు చదువుకుంటూ వెళ్లేదాన్ని. అమ్మ వద్దనలేదు. కాలేజీలో ఫిజిక్స్ తీసుకునే పిల్లలు ఆ ఏడాది పదకొండు మంది, మరుసటి ఏడాది నలుగురు. వేసవిలో యాజమాన్యం ల్యాబును కంప్యూటర్ ల్యాబు చేస్తామని చెప్పింది. అమ్మను ఆఫీసులోకి మారుస్తారు. పిల్లల పేర్లు కంప్యూటర్లో ఎక్కించే పని. ఆ సంగతి అమ్మ ఇంట్లో చెప్పినప్పుడు నాన్న, పోన్లే, కూర్చుని చేసే పని అన్నాడు. అమ్మ కంచంలో అన్నం కలుపుతూ, ఇన్నాళ్లూ నిలబడే చేశాను కదా అంది.

స్పెక్ట్రోమీటర్లు గోడౌన్‌కి పోయాయి. అప్పుడే అమ్మ ఇంట్లో పెట్టె తయారుచేయడం మొదలుపెట్టింది. కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ ఒకటి నేను పక్కన పడేశాను. దాని మీద పడిన వెలుగు గోడకు రంగులై అంటుకోవడం అమ్మ చూసింది. దాని మీది సన్నని గాడులు స్పెక్ట్రోమీటర్‌లో రంగులు విడదీసే గ్రేటింగ్ చేసే పనే చేస్తాయంది. నాన్న బాటా చెప్పుల అట్టపెట్టె తీసుకుని, ఒక చివర చిన్న కిటికీ కోసి, నాన్న వాడేసిన షేవింగ్ బ్లేడు రెండుగా విరిచి, పదునైన అంచులు ఎదురెదురుగా, మధ్యలో వెంట్రుకంత సందు ఉండేట్టు అంటించింది. రెండో చివర సీడీని ఏటవాలుగా నిలబెట్టింది. పైన కన్ను పెట్టుకోవడానికి కన్నం. లోపల అంతా నల్ల కాగితం. వారం రోజులు సీడీ వాలు మార్చి మార్చి చూసింది. నాయనమ్మకు ఇది పెద్ద తలనొప్పి. మేడ మీద ఎండ బాగా తగిలే మూల వడియాలకు ఆవిడది. అమ్మకేమో గోడలు అడ్డం లేని ఆకాశం కావాలి. సూర్యుడి వైపు పెట్టకూడదు, కళ్లు పోతాయి, పక్కనున్న ఆకాశం వైపు పెట్టాలి, అదీ సూర్యుడి వెలుగే అని అమ్మ నాకు వందసార్లు చెప్పింది. ఒకరోజు పెట్టె పిట్టగోడ మీంచి కాకిలా వాలి వడియాల్లో పడితే, నాయనమ్మ రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. మూడో రోజు, "నీ డబ్బా నాకూ ఓపాలి సూపించు," అంది. చూసి, పట్టుచీర అంచులా ఉందని, నేసినవాడు మధ్యమధ్య పోగులు వదిలేశాడని చెప్పింది.

నేను అబద్ధం చెప్పిన రోజు పొద్దున్న ఆకాశం శుభ్రంగా ఉంది. అంతకు ముందు రోజే నాకు ఉద్యోగం ఖాయమైంది, ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పొద్దున కోర్సుకు బయలుదేరుతుంటే అమ్మ మేడ మీంచి పిలిచింది. వెళ్లేసరికి పిట్టగోడ మీద ఈ నల్ల అట్ట పుస్తకం తెరిచి ఉంది, ఎగరకుండా దాని మీద సుత్తి. కాలేజీలో మిగిలిపోయిన ఖాళీ రికార్డు పుస్తకం అది. అమ్మ తన పేరు కింద గీతలన్నీ వరసగా రాసుకుంది. సి, డి, ఎఫ్, జి ఎదురుగా టిక్కులు. హెచ్, కె ఎదురుగా చిన్న అడ్డగీతలు. కనబడలేదన్నమాట. రెండో మనిషి మొదటి మనిషి రీడింగు చూడకూడదు. కానీ పుస్తకం తెరిచి ఉంది, నేను చూసేశాను. అమ్మ అంత అజాగ్రత్తగా ఉండటం అదే మొదటిసారి. పుస్తకం మూసిపెట్టాలన్న ధ్యాస కూడా లేకుండా ఆకాశం వైపే చూస్తూ నిలబడి ఉంది.

పెట్టెకు కన్ను ఆనించాను. ఎరుపులోది కనిపించింది, పసుపులోది స్పష్టంగా కనిపించింది. నీలం దాటి, ఊదా దాకా వెళ్లాను. చివర రెండు గీతలు ఉన్నాయి. నా జీవితంలో నేను అంత ఖాయంగా చూసినవి తక్కువ. లావుగా, నల్లగా, తలుపు రెక్కలు రెండు ఓరగా వేసినట్టు.

"చివర ఏమైనా కనబడతందా?" అని అమ్మ అడిగింది.

ఆ ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య ఎంతసేపు పట్టిందో చెప్పలేను, ఎక్కువ సేపు కాదు. నా బుర్రలో ఏం తిరిగిందో మాత్రం చెప్పగలను. ల్యాబు పోయింది. రేపో ఎల్లుండో ఆమె ఆఫీసులో కుర్చీలో కూర్చుంటుంది. నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆమె క్లాసులో అందరికంటే ముందు తనే చూశానని చెప్పుకున్న గీతలు నాకు కనిపించి ఆమెకు కనిపించలేదంటే ఎలా ఉంటుంది? కాలేజీలో పక్క అమ్మాయి రీడింగుకు నా రీడింగు కలిపేయడం అప్పటికి నాకు కొత్తేమీ కాదు. అలాగే కలిపేశాను. "లేదమ్మా, జి దాకానే," అన్నాను.

అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. ముఖం తేలికపడింది. "అయితే సీడీయే. ప్లాస్టిక్ ఊదారంగును తినేస్తంది కాబోలు. నా కళ్లేమో అనుకున్నాను," అంది. నా పేరు కింద హెచ్, కె ఎదురుగా రెండు అడ్డగీతలు గీసింది.

నా తప్పు రెండుసార్లు జరిగింది. మొదటిసారి చెప్పినప్పుడు. అది జాలితో చెప్పాను, దానికి ఎవరైనా నన్ను క్షమించొచ్చు. రెండోది, 'నా కళ్లేమో అనుకున్నాను' అన్న మాట విన్న తరువాత. ఆ మాట విని, ఇది సీడీ సంగతి కాదని నాకు లీలగా తెలిసి, బస్సుకు ఆలస్యమవుతోందని మెట్లు దిగిపోయాను.

తరువాతి మూడేళ్లు నాకు బాగా గడిచాయి. హైటెక్ సిటీలో ఉద్యోగం. పొద్దున చీకటితో కంపెనీ బండి, సాయంత్రం మళ్లీ అదే బండి. ఇంట్లో జరిగేవి సగం చూసి సగం చూడలేదు. అమ్మ కంప్యూటర్ తెరకు మొహం దగ్గరగా పెట్టి పనిచేస్తోందని, అక్షరాలు మసగ్గా ఉన్నాయంటోందని విన్నాను. పక్కన పెట్టిన గ్లాసు చెయ్యి తగిలి పడిపోయేది. వీధిలో పక్కనుంచి వచ్చే స్కూటర్ మీద పడేదాకా తెలిసేది కాదు. నాయనమ్మ గ్లాసులు పగిలినప్పుడల్లా అమ్మ పరధ్యానాన్ని తిట్టేది. అమ్మ నవ్వేసి ఊడ్చేది. చివరికి ఒకరోజు కాలేజీ మెట్ల మీద పడి మణికట్టు విరిగాక కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి, ఓపిగ్గా చెప్పింది. రెండు కళ్లలోనూ శుక్లాలు మొదలై కొన్నేళ్లయింది, అవి ఆపరేషన్‌తో పోతాయి. కంటి కటకం పసుపెక్కుతున్నప్పుడు మొదట ఊదారంగే తగ్గుతుంది, మనిషికి తెలియదు. కానీ దాంతోపాటు లోపల ఒత్తిడి కూడా పెరిగి నరం దెబ్బతింది. నీటికాసులంటారు. అది నొప్పి పెట్టదు, చుట్టుపక్కల చూపును అంచుల నుంచి కొద్దికొద్దిగా తినేస్తుంది. శుక్లాల కోసం రెండు మూడేళ్ల కిందట వచ్చినా ఒత్తిడి బయటపడేది, చుక్కల మందుతో చాలావరకు నిలిపేవాళ్లం, పోయింది మాత్రం తిరిగి రాదు అంది. అమ్మ శ్రద్ధగా విని, ఊదారంగు అన్నారు కదా, ఎన్ని ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర మొదలవుతుంది అని అడిగింది. డాక్టరుకు ఆ లెక్క తెలియలేదు. ఇంటికొచ్చాక నాన్న కంప్యూటర్‌ను తప్పుపట్టాడు. నాయనమ్మ సూర్యుడిని తప్పుపట్టింది, అట్టడబ్బా తీసుకెళ్లి నీళ్లు కాచే బాయిలర్ మంటలో పెట్టేసింది. నన్ను ఎవరూ అనలేదు. అనడానికి ఎవరికీ తెలియదు.

చుక్కల మందు, ఆపరేషన్లు, మళ్లీ చుక్కల మందు. అమ్మ చూపు గొట్టంలోంచి చూసినట్టయింది, ఆ గొట్టం ఏటికేడూ సన్నబడింది. రిటైరైన కొన్నేళ్లకు కిటికీ ఎటుందో తెలిసేంత వెలుగు మిగిలింది. నాయనమ్మ పోయింది, తరువాత నాన్న పోయాడు. అమ్మ నాతో పద్మారావు నగర్ వచ్చేసింది. అప్పుడు ఒక మధ్యాహ్నం ఇద్దరం హాల్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. ఆమె చేతులు నాకంటే వేగం. అప్పటికి నేను ఆ మాట చెప్పాలని ఎన్నిసార్లు అనుకుని మానేశానో లెక్కలేదు. ఆ రోజు ఎందుకు చెప్పానో కూడా తెలియదు. మేడ మీద ఆ రోజు నాకు రెండు గీతలూ కనబడ్డాయమ్మా, కనబడలేదని అబద్ధం చెప్పాను అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. రెండు మూడు కాయలు తీసింది.

"అయితే యాదగిరి నిజమే చెప్పాడన్నమాట," అంది.

అప్పుడే నాకు మిగతా సగం తెలిసింది. ల్యాబు ఖాళీ చేసే రోజున అమ్మ పెట్టెనూ పుస్తకాన్నీ కాలేజీకి తీసుకెళ్లిందట. యాదగిరిని చూడమంది. ఊదా చివర రెండు గీతలున్నాయని అతను చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ల్యాబు గోడ మీద ఆ గీతల చార్టు తుడిచినవాడు, తెలిసింది చెబుతున్నాడు కానీ చూసింది కాదనుకుంది. "మా పాప చూసి లేవంది, మా పాప వండదు, చార్టు చూసి చెబుతున్నావు యాదగిరీ అన్నాను. పాపం, ఏమీ అనలేదు. సందేహం అని రాశాను," అంది. ఇంకో కాయ తీసి అడిగింది, "మరి పుస్తకంలో దిద్దావా?"

పుస్తకం లేదు కదమ్మా, ల్యాబులోనే ఉండిపోయింది కదా అన్నాను.

"దొరికితే దిద్దు," అంది. చిక్కుడుకాయలు ముదిరిపోయినట్టున్నాయి, ఎక్కడ కొన్నావు అని అడిగింది.

నేను తిట్టు కోసం ఎదురుచూశాను, లేదా పోనీలే అన్న మాట కోసం. రెండూ రాలేదు. ఆ తరువాత ఐదారేళ్లు బతికింది, ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. రోజూ చుక్కల మందు వేయడానికి ఆమె గడ్డం పట్టుకుని తల పైకెత్తినప్పుడు, ఈమె నన్ను ఏమనుకుంటోంది అని ఆలోచించేదాన్ని. నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసే దారి లేదు.

నాకిప్పుడు మేడ మీది ఆ పొద్దుటినాటి అమ్మ వయసు. యాదగిరి పుస్తకం తెచ్చిన వారంలో ఒకరోజు మెట్టుగూడ వెళ్లాను. మెట్రో స్తంభాల కింద నుంచి నడిస్తే బస్టాపు ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. మేం ఉన్న క్వార్టర్లు లేవు. ఇంటికొచ్చి, అలాంటి పెట్టె ఒకటి చేసి చూద్దామని సీడీ కోసం వెతికాను. ఆ రోజుల్లో సొరుగు తెరిస్తే సీడీలే ఉండేవి. ఇప్పుడు ఇల్లంతా వెతికితే ఒక్కటి దొరకలేదు. కింద వాచ్‌మన్ కూతుర్ని అడిగితే అదేమిటని నన్నే అడిగింది. ఏ కంప్యూటర్ల కోసం అమ్మ ల్యాబును ఎత్తేశారో వాటి సీడీలు కూడా పోయాయి, గీతలు మాత్రం అక్కడే ఉన్నాయి అని రాయబోయి ఆగాను. అమ్మకు నచ్చదు.

ఆ ఆదివారం పుస్తకం తెరిచాను. చివరి పేజీలో మూడు నిలువు వరసలు. అమ్మ, పాప, యాదగిరి. నా పేరు కింద హెచ్, కె ఎదురుగా ఉన్న అడ్డగీతల మీద నల్ల సిరాతో ఒకే గీత కొట్టాను. కింద ఉన్నవి కనిపిస్తున్నాయి. పక్కన 'కనిపించాయి' అని రాసి, పొడి అక్షరాలు పెట్టాను. మూడో వరసలో 'సందేహం' మీద కూడా అలాగే ఒక గీత కొట్టి, 'సరి' అని రాశాను. తరువాత రాంగోపాల్‌పేట్ వెళ్లాను. పాత సామాన్ల దుకాణాల మధ్య సందులో, పై వాటాలో ఇల్లు. యాదగిరి మంచం మీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను. ఈసారి ఏదీ దాచలేదు. ఆయన కోడలు గుమ్మంలో నిలబడి విని, లోపలికి వెళ్లిపోయింది.

యాదగిరి కళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకం వెలుగుకు పట్టుకుని, మూడు వరసలూ వేలితో చూసుకున్నాడు. ఆయనకు ఆ పద్ధతి నాకంటే బాగా తెలుసు. అలాంటి పుస్తకాలు వందల కొద్దీ అమ్మ బల్ల మీద పెట్టి, సంతకాలు అయ్యాక తీసింది ఆయనే.

"మేడం దస్కత్ లేదు గదా," అన్నాడు.

లేదన్నాను. మీరు పెట్టండి, మిగిలింది మీరొక్కరే అని పెన్ను ఇచ్చాను. ఆయన పెన్ను తీసుకుని దిద్దుబాట్ల పక్కన ఉన్న ఖాళీ చూశాడు. తరువాత క్యాపు పెట్టి నా చేతిలో పెట్టాడు.

"గది నా జాగ కాదు బిడ్డా," అన్నాడు.

పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. రెండు దిద్దుబాట్ల పక్కనా ఎర్ర సిరా సంతకం పట్టేంత చోటు వదిలి ఉంది.